ఆరో స్క్రూ

గత మంగళవారం మా కొట్టుకు చెన్నై నుంచి ఒక పార్సిలు వచ్చింది. పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో స్పాంజి, స్పాంజి మధ్యలో ఒక గాలపు రీలు. నల్లటి ఒళ్ళు, బంగారు రంగు అంచులు. ఈ రకం తయారీ మానేసి ఏళ్ళయిందని, ఎక్కడా ఒక్కటి కూడా మిగల్లేదని కంపెనీ వాళ్ళు నాతో మూడుసార్లు చెప్పారు. నేను ఆ మాట రీలు కోసం తిరిగిన పెద్దాయనకు మూడుసార్లు చేరవేశాను. ఆయన మూడుసార్లూ నమ్మలేదు. చివరికి ఆయన అనుమానమే నిజమైంది గానీ, ఆ మాట నాకు దెప్పి చెప్పడానికి ఆయన లేడు. పోయి నెల దాటింది.

పార్సిలు విప్పగానే నేను చేసిన మొదటి పని చెబితే నవ్వుతారు. రీలు పక్కమూత మీదున్న స్క్రూలు లెక్కపెట్టాను. ఆరు. అదే పని ఆయన నా బల్ల ముందు నిలబడి వారం వారం చేస్తుంటే ఎంత విసుక్కున్నానో నాకు గుర్తే.

నెల్లూరులో ట్రంకు రోడ్డు వెనక సందులో నాది చేపలవేట సామాన్ల కొట్టు. మాది కొడవలూరు దగ్గర వరి పండించే ఇల్లు. చేపను పళ్ళెంలో చూడటమే తప్ప నీళ్ళలో చూసి ఎరగని వంశం. ఎలాగో ఈ వ్యాపారంలో పడ్డాను. నా దగ్గరికి రెండు రకాల వాళ్ళొస్తారు. సముద్రం మీద బతికే వాళ్ళు గాలాలు, సీసం గుండ్లు, నైలాన్ దారం కొనుక్కుని మాట్లాడకుండా వెళ్ళిపోతారు. ఆదివారం సరదాకు వేటాడే డాక్టర్లు, పోర్టు ఆఫీసర్లు, రొయ్యల గుంటల ఆసాములు మాత్రం విదేశీ రాడ్లు, రీళ్ళు కొని గంటసేపు కబుర్లు చెబుతారు. ఆ ఖరీదైన సరుకుకి జీవితకాలపు వారంటీ ఉంటుంది. పాడైతే ఈ జిల్లా వాళ్ళు నా కొట్లో ఇవ్వాలి, నేను చెన్నైకి పంపాలి, వాళ్ళు మార్చి ఇవ్వాలి.

ఈ ఏర్పాటు వచ్చిన కొత్తల్లో నేను అందర్నీ నమ్మేవాణ్ణి. మనుబోలు వైపు నుంచి ఒక పెద్దమనిషి విరిగిన రాడ్డు తెచ్చి, పండుగప్ప చేప లాగితే విరిగిందని కళ్ళు పెద్దవి చేసి చెబితే, ఆ పండుగప్ప ఎంత పెద్దదో నేను కూడా చేతులు చాపి పదిమందికి చెప్పాను. కారు డోరులో పడి విరిగిందని తర్వాత తేలింది. పైగా అది ఎవరి దగ్గరో పాతది కొన్నది. ఇంకొక్క తప్పుడు క్లెయిము వస్తే ఈ ఏర్పాటు తీసేస్తామని చెన్నై వాళ్ళు ఉత్తరం రాశారు. అప్పట్నుంచి నా కళ్ళు మారిపోయాయి. వారంటీ అంటూ మెట్టెక్కిన ప్రతివాడూ నాకు దొంగలాగే కనిపించేవాడు.

అలాంటి రోజుల్లో, శివరాత్రి వెళ్ళిన వారంలో ఆయన వచ్చాడు.

రావడం రావడం లోపలికి రాలేదు. మెట్టు మీద నిలబడి తలుపు వెనక్కి తొంగి చూశాడు. అక్కడ చీపురు తప్ప ఏమీ లేదు. దాన్ని కూడా కాసేపు చూసి లోపలికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఎండకు, ఉప్పుగాలికి మాడిన ఒళ్ళు, వేళ్ళ సందుల్లో దారం కోసిన పాత గాట్లు. చంకలో బియ్యం సంచి. సంచిలోంచి పాత పచ్చ లుంగీ గుడ్డ మూట తీసి, మూడు ముళ్ళు విప్పి, రీలు బల్ల మీద పెట్టాడు. పెట్టాడు గానీ వదల్లేదు.

"ఇది చెడిపోతే మార్చిస్తారంట గదా, సారూ."

ఆ రీలు పెట్టి పాత మోటారు సైకిలు కొనుక్కోవచ్చు. ఆయన కాళ్ళకు చెప్పుల్లేవు. నేను ఆ రీలునీ ఆ పాదాల్నీ మార్చి మార్చి చూశాను. ఆ చూపు ఆయనకు అర్థమైందని నాకూ తెలుసు. దాచుకోవాలని కూడా నాకు తోచలేదు.

"ఇది మీదేనా?"

"కాదు."

దొంగ అయితే నాదే అంటాడు. కాదనేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది. "మరెవరిది?" అన్నాను.

"డ్రైవరన్నది. బిట్రగుంటలో రైలింజను డ్రైవరు. రిటైరయినాక మా మొగ దగ్గరికి, ఏరు సముద్రంలో కలిసేకాడికి, గాలం వెయ్యడానికి వచ్చేవాడు. ఇదిగో బిల్లు." బిల్లు లామినేషన్ చేసి ఉంది. రైల్వేలో పనిచేసిన వాళ్ళ చాదస్తం. వేరే పేరు, చెన్నై కొట్టు.

"అయితే ఆయన్నే రమ్మనండి."

"యాడ్నించి రమ్మనేది? పోయి మూడేళ్ళు."

ఆ తర్వాత ఆయన చెప్పిందంతా నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాను. వాళ్ళ ఊళ్ళో వేట పంపకం మనుషులకే కాదు, సామానుకు కూడా. పడవకో వాటా, వలకో వాటా, దిగిన మనిషికో వాటా. వల సొంతదారుడు జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నా సరే, వల వాటా వాళ్ళింటికి పోవాల్సిందే. అది ఎవరూ పెట్టే భిక్ష కాదు, వల సంపాదించుకున్నది. డ్రైవరన్న, ఆయన కలిసి గాలం వేసినన్నాళ్ళూ అదే లెక్కన రీలుకో వాటా వేశారు. డ్రైవరన్న పోయాక రీలు ఈయన దగ్గరే ఉండిపోయింది. ఈయన దాంతోనే గాలం వేస్తున్నాడు. ఆదివారం ఆదివారం రీలు వాటా చేప డ్రైవరన్న భార్యకు ఇచ్చి వస్తున్నాడు.

"వదిన మొదట వద్దనింది. దానాలు నాకెందుకబ్బయా అనింది. దానం గాదు వదినా, రీలు వాటా అని జెప్పినా. అయితే సరే, ఆయన రీలు పట్టినన్నాళ్ళు తీసుకుంటా, అది ఆగినరోజు నువ్వూ ఆగాల అని మాట తీసుకునింది."

రీలు ఆగిపోయింది. లోపల పళ్ళచక్రం పళ్ళు రాలిపోయాయి. హ్యాండిలు తిప్పితే గిర్రున ఊరికే తిరుగుతుంది, దారం రాదు. ఆ సంగతి ఆయన వదినకు చెప్పలేదు. డ్రైవరన్న తిథి మార్గశిరంలో. ఆ రోజు రీలును ఫోటో ముందు పెడతారు. ఆ వదిన దండం పెట్టుకుని హ్యాండిలు ఒక్క చుట్టు తిప్పుతుంది. ఏడాదికోసారి ఆమె రీలు ముట్టుకునేది అప్పుడే.

"తిప్పిందంటే తెలిసిపోద్ది. ఆ రోజుతో సరి. నా చేప ముట్టుకోదు. అందుకని సారూ, ఇట్టాంటిదే, ఇదే రంగుది, తిథి లోపల నాకు కావాల."

నేను లోలోపల నవ్వుకున్నాను. మనుబోలు పెద్దమనిషి పండుగప్ప కథ కంటే ఈ కథ బాగుంది అనుకున్నాను.

"జీవితకాలం వారంటీ అంటే మొదట కొన్నవాళ్ళకే, పెద్దాయనా."

"అట్నా? మరి జీవితకాలం అంటే ఎవురి జీవితకాలం? మనిషిదా, రీలుదా, కంపెనీదా?"

వారంటీ కాగితం వెనక్కి తిప్పి చదివాను. దాన్లో ఎక్కడా రాసి లేదు. ఇప్పటికీ ఆ ప్రశ్న ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

రీలు వదిలి వెళ్ళమంటే ససేమిరా అన్నాడు. ఫోటోలు తీస్తానంటే ఒప్పుకుని, తీసినవన్నీ నా ఫోనులో చూశాడు. "ఆరు స్క్రూలూ పడినాయా?" అని అడిగి, ఒక్కొక్కటే గోటితో లెక్కపెట్టాడు. పక్కమూత మీద మేకుతో గీసిన రైలుపట్టా గుర్తుంది: రెండు నిలువు గీతలు, వాటి మీద మూడు అడ్డగీతలు. డ్రైవరన్న గీసుకున్నదట. అది కూడా ఫోటోలో పడాలన్నాడు. పడింది.

ఆయన వెళ్ళాక క్లెయిము కాగితం నింపాను. అభిప్రాయం రాయమని కింద ఒక గడి ఉంటుంది. ఎప్పుడూ ఖాళీగా వదిలేసే గడి అది. ఆ రోజు మాత్రం రాశాను. "తెచ్చిన వ్యక్తి యజమాని కాదు. చెప్పిన వివరాలు నమ్మదగినవిగా లేవు. వస్తువు మీద కావాలని గీసిన గీతలున్నాయి." గీతలు గీసిన వస్తువుకు వారంటీ వర్తించదని నిబంధన ఉంది. ఆ మాట రాసి, నా ఏర్పాటుకి ఢోకా లేదని నిమ్మళంగా టీ తాగాను.

తర్వాత ప్రతి సోమవారం వచ్చేవాడు. బస్సు దిగి నేరుగా రాడు. ఎదురు వైపు మందులషాపు అరుగు మీద కాసేపు కూర్చుని మా కొట్టు చూస్తాడు. ఎవరు వస్తున్నారు, ఏం పట్టుకుపోతున్నారు, అన్నీ చూసుకుని అప్పుడు లేచి వస్తాడు. నా చేతి నుంచి ఏదీ తీసుకునేవాడు కాదు. "ఆడ పెట్టు" అనేవాడు. బల్ల మీద పెట్టాక అటూ ఇటూ తిప్పి చూసి తీసుకునేవాడు. టీ తెప్పిస్తే నేను ఒక గుక్క తాగిందాకా తన గ్లాసు ముట్టడు. సంతోషంగా ఉంటే నన్ను "అబ్బయా" అనేవాడు, అనుమానం వస్తే "సారూ" అనేవాడు. ఎనిమిది నెలల్లో అబ్బయా అన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కూర్చున్నంతసేపూ నా అద్దాల బీరువా పరిశీలించేవాడు. ఒకరోజు అడిగేశాడు.

"కంపెనీవోళ్ళు పంపినారు గదా సారూ? పోర్టు ఆఫీసరుకి అమ్మేసినావు గదా?"

"రాలేదు పెద్దాయనా. ఆ రకం తయారు చేయడం ఆపేశారట."

"ఆపేస్తే మాత్రం? చేసినవి యాడికి పోతాయి? ఎవురో ఒకడు అటక మీద పెట్టుకోనుంటాడు."

నాకు ఒళ్ళు మండింది. నేను ఆయన్ని దొంగ అనుకోవచ్చు గానీ ఆయన నన్ను అనుకోవడం ఏమిటని. పైగా అప్పటికే చెన్నై నుంచి జవాబు వచ్చి ఉంది. నా అభిప్రాయం మీద ఆధారపడి క్లెయిము ఆపివేశామని. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. "చూస్తున్నారట" అంటూ వారాలు గడిపాను.

మొదట డ్రైవరన్నని కూడా ఆయన నమ్మలేదట. ఒకసారి మంచి హుషారులో ఉన్నప్పుడు చెప్పాడు. మోపెడ్ మీద వచ్చి, మొగ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే ఈ ప్యాంటు మనిషి రొయ్యల గుంటలకు భూమి చూడ్డానికి వచ్చాడనుకుని, నెలరోజులు సరుగుడు తోటలో దాక్కుని కాపలా కాశాడట.

"నెల దినాల్లో ఒక్క చేపా పట్టలా ఆ మనిషి. భూమికొచ్చినోడైతే ఒక్కరోజన్నా లేచి అటూ ఇటూ నడస్తాడు గదా. ఊరికే కూచోనుండాడు. పాపం అనిపించి పొయ్యి, ఎర ఎట్టా గుచ్చాలో చూపించినా."

నవ్వాడు. ముందు పళ్ళు రెండు లేవు. ఆ నవ్వు చూసి నేను కొంచెం మెత్తబడ్డాను, కానీ నమ్మలేదు. నమ్మకపోవడం అలవాటైతే మనిషికి అదో తెలివి లాగా కనిపిస్తుంది. ఈ మనిషిని పట్టుకుందామని ఆషాఢంలో ఒక ఆదివారం మోటారు సైకిలేసుకుని బిట్రగుంట పోయాను.

రైల్వే కాలనీ వెనక వీధి. బిల్లు మీదున్న పేరు చెబితే ఇల్లు చూపించారు. డెబ్బై ఏళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా, తలుపు సగం తీసి నిలబడింది. నేను నా గొప్ప తెలివితో, ఫలానా కొట్టు నుంచి వచ్చానని, మీవారి రీలు చెడిపోయిందని క్లెయిము వచ్చిందని, దాని విచారణకు వచ్చానని చెప్పాను.

మాట బయటికి వచ్చాక నాకు తెలిసింది నేనేం చేశానో. ఆయన చెప్పిందంతా అబద్ధమైతే ఈమెకు ఏమీ తెలిసి ఉండదు. నిజమైతే ఈమెకు తెలియకూడనిది ఇదొక్కటే. దాన్ని గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పేశాను. ఆమె మొహం చూడలేక చెప్పులు చూసుకున్నాను.

"లోపలికి రా నాయనా," అంది ఆమె.

వంటింట్లోకి తీసుకుపోయింది. పళ్ళెంలో పండుగప్ప ఉంది. ఆ ఉదయం వచ్చిన వాటా. ఆమె చేప తల ఎత్తి నాకు మూతి చూపించింది.

"గాలానికి పడిన చేపకి మూతి చిరుగుద్ది. ఇది చిరిగిందా?"

"చిరిగింది."

"నెత్తురుందా?"

లేదు. తెల్లగా, కాగితం చింపినట్టుంది.

"బతికుండంగా చిరిగితే నెత్తురు గడ్డకట్టి ఉంటుంది. ఇది చచ్చినాక గాలం పెట్టి చింపింది. ఇప్పుడు ఈడ చూడు." చేప మొప్పల వెనక చెయ్యి పెట్టి చూపించింది. పొలుసు లేచిపోయి చుట్టూ సన్నటి గీత. "వల కోసిన గుర్తు. మా ఆయన తెచ్చిన చేపలు ఎన్నేళ్ళు చేసినాను నేను? ఆరు నెలల నుంచి ఇట్టనే వస్తుండాది. అంటే రీలు ఎప్పుడో పోయింది. ఆ అబ్బయ పడవలో వలకి పోయి, తన వాటాకి వచ్చింది నాకు తెచ్చి పెడతుండాడు."

అరవై దాటిన మనిషిని ఆమె ఆ అబ్బయ అంటుంటే, నేను వంగి ఆ తెల్లటి చిరుగు మళ్ళీ చూశాను.

"మరి మీరు ఒప్పుకున్నారా? దానం వద్దన్నారట కదా?"

"చచ్చిన చేప మూతికి గాలం గుచ్చి చింపడానికి ఎంత తంటాలు పడి ఉంటాడో చూడు. అంత కష్టపడి అబద్ధమాడే మనిషిని కాదని ఎట్టా అనేది? నాకు తెలుసని తెలిస్తే మళ్ళీ ఈ గడప తొక్కడు. సిగ్గుపడి చస్తాడు." చేప మీద మూత పెట్టింది. "నాకొక్కటే భయం నాయనా. తిథి రోజు. ఆయన ఫోటో ముందు రీలు పెడతాడు, నేను తిప్పాల. అది పనిచెయ్యకపోతే వాడి ముందర నేనేం మొహం పెట్టుకోవాల? ఆ లోపల ఏదో ఒకటి చెయ్యి. నువ్వు ఇక్కడికి వచ్చినట్టు మాత్రం వాడికి చెప్పబాక."

తిరిగి వచ్చేటప్పుడు కొడవలూరులో మా పొలాల పక్కనే బండి ఆపి కాసేపు కూర్చున్నాను. నాకు నా మీద అసహ్యం వేసింది. ఆ గడిలో రాసిన మూడు వాక్యాలూ కళ్ళ ముందు కదిలాయి.

మర్నాడే కొత్త క్లెయిము రాశాను. డ్రైవరన్న వారసురాలిగా ఆమె సంతకం బిట్రగుంటలోనే తీసుకుని ఉన్నాను. మొదటిసారి తప్పుగా అర్థం చేసుకున్నానని, ఆ గీతలు వాడకంలో పడినవేనని కూడా రాశాను. ఆ సోమవారం ఆయన వచ్చినప్పుడు మూట విప్పించి ఫోటోలు మళ్ళీ తీశాను, రైలుపట్టా గుర్తు కనపడకుండా రీలు వాలుగా పెట్టి. నా జీవితంలో నేను కంపెనీని మోసం చేసింది అదొక్కసారే. దాని గురించి నాకు ఇప్పటికీ నిద్ర పోవడంలో ఇబ్బంది లేదు.

కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నారు. అయితే పాత రకం లేదు, బదులుగా కొత్త రకం నీలం రంగుది ఇస్తామన్నారు. ఆయన బొమ్మ చూసి వద్దన్నాడు. "వదినకి కళ్ళు బాగా కనపడతాయి సారూ." ఆమెకు ఎంత బాగా కనపడతాయో నాకు తెలుసు. చెప్పలేను. నీలం రంగు పెట్టినా ఆ తల్లి నల్లగానే ఉందంటుందని చెప్పలేక, మళ్ళీ చెన్నైకి రాశాను. ఎక్కడన్నా అటకల మీద వెతకండి అని. వారం వారం రాశాను. వాళ్ళకు నేను పెద్ద బెడద అయిపోయాను.

నా మంచితనం ఆయనకు అసలు నచ్చలేదు.

"ఇంతకుముందు నీ టీ చల్లారిపోయుండేది సారూ. ఇప్పుడు వేడి వేడిగా తెప్పిస్తుండావు. బిస్కెట్టు గూడా. ఏం జరిగింది?"

"ఏం జరగలేదు పెద్దాయనా."

"ఏదో జరిగింది," అన్నాడు, బిస్కెట్టు వాసన చూస్తూ.

వినాయక చవితి తర్వాత చెన్నై వాళ్ళు పాత రీలు పంపితే తప్ప ముందుకు పోలేమన్నారు. ఇదే పెద్ద గండం అనుకున్నాను. ఆయన ఆ మాట విన్నాడు. లుంగీ మూట విప్పాడు, కట్టాడు, మళ్ళీ విప్పాడు. చివరికి స్క్రూడ్రైవరు అడిగాడు. "ఆడ పెట్టు" అన్నాడు. పెట్టాను. రీలు పక్కమూత నుంచి ఒక స్క్రూ ఊడదీసి రొంటిన దోపుకున్నాడు.

"ఐదు నీ కాడ. ఒకటి నా కాడ. కొత్తది చేతికొచ్చినాక ఇది నీకిస్తా."

"ఒక్క స్క్రూతో ఏం చేస్తారు పెద్దాయనా?"

"నేనేం చెయ్యను. నీకు ఒకటి తక్కువుందని గుర్తుంటాది గదా."

బస్టాండు దాకా పోయి మళ్ళీ వచ్చాడు. మెట్టు మీద నుంచే చూశాడు, రీలు బల్ల మీదే ఉందా లేదా అని. ఉంది. అప్పుడు నన్ను, "పోయొస్తా అబ్బయా," అన్నాడు. దానికి సరిపోయే స్క్రూ ఇంకోటి వెతికి బిగించి నేను రీలు పంపించాను. గీతలు వాళ్ళ కంట పడలేదో, పడినా నా బెడదకు వదిలేశారో, చెన్నై వాళ్ళు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. రెండు సోమవారాలు ఆయన రాలేదు. వాన కదా అనుకున్నాను. మూడో వారం గాలాలు కొనడానికి వచ్చిన వాళ్ళ ఊరి మనిషి చెప్పాడు. జ్వరమట, నాలుగు రోజులట, ఆసుపత్రికి తీసుకుపోయేటప్పటికే ఆలస్యమైందట. నేను బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని మందులషాపు అరుగు వైపు చూశాను. నాకు ఏడుపు వచ్చింది. పోయేటప్పుడు కూడా ఆ మనిషి, కొట్టువాడు నా రీలు మింగేశాడనే అనుకుని ఉంటాడు. ఆ అనుమానం తీర్చే అవకాశం నాకు ఇక లేదు.

అందుకే మంగళవారం పార్సిలు చూసి నాకు సంతోషం కలగలేదు. తిథి ఇంకో పది రోజులుంది. కానీ రీలు ఎవరికివ్వాలి? కాగితం ప్రకారం వారసురాలికి. సరే, ఆదివారం బ్యాగులో పెట్టుకుని మళ్ళీ బిట్రగుంట పోయాను.

నేను వెళ్ళేటప్పటికి ఆ ఇంటి వరండాలో ఒకామె తట్ట దించుకుని కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు. బొట్టు కొత్తగా తీసిన నుదురని చూడగానే తెలుస్తోంది. పెద్దాయన భార్య. తట్టలోంచి చేప తీసి పళ్ళెంలో పెట్టింది.

"రీలు వాటా అక్కా. మా పిల్లోడు మొగ కాడ గాలమేసినాడు. రీలు బాగా తిరగతా ఉండాది."

రీలు నా బ్యాగులో, స్పాంజి మధ్యలో ఉంది. నేను చేప మూతి చూశాను. చిరిగి ఉంది. నెత్తురు లేదు.

డ్రైవరన్న భార్య కూడా చూసింది. తర్వాత నన్ను చూసింది. "మంచి చేప," అంది. "తిథికి రీలు తెండి. మర్చిపోబాకండి." లోపలికి పోయి పళ్ళెం పెట్టి, తట్టలోకి నాలుగు అరటిపళ్ళు తెచ్చి వేసింది. అంతే. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు.

నేను ఆ తల్లికి రీలు ఇవ్వలేదు. లేచి, చేపలామె వెనకే బస్టాపు దాకా నడిచాను. సిమెంటు బెంచీ దగ్గర ఆమె ఆగింది. నేనెవరో చెప్పి పార్సిలు చాపాను. ఆమె చెయ్యి చాపలేదు.

"ఆడ పెట్టు," అంది.

బెంచీ మీద పెట్టాను. ఆమె పెట్టె విప్పి, రీలు బయటికి తీసి, వాసన చూసి, పక్కమూత మీద గోటితో లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆరుదాకా వచ్చి ఊపిరి వదిలింది. కొంగు చివర ముడి విప్పి, చిన్న స్క్రూ తీసి బెంచీ మీద నా వైపు జరిపింది.

"ఇది మీదంట. రీలు వస్తే ఇయ్యమన్నాడు. వస్తదని చెప్పినాడు. కొట్టాయన మంచోడే గానీ ఆ మాట ఆయన ముందర అనబాక అన్నాడు."

నేను ఆ స్క్రూ తీసుకోలేకపోయాను కాసేపు. ఆమె నా వైపు చూడకుండా రీలు వెలుగుకి పెట్టి తిప్పి తిప్పి చూస్తోంది.

"గీతల్లేవే," అంది. "రైలుపట్టా గీతలుండాలి గదా. అక్క చూస్తాది."

పైటకు పెట్టుకున్న పిన్నీసు తీసింది. రీలు బెంచీ మీద జారుతోంది, గీత వంకర పోయేలా ఉంది. గీతలు గీసిన వస్తువుకు వారంటీ వర్తించదు. ఆ నిబంధన ఈ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నేను వంగి రీలును రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాను.

"రెండు నిలువు గీతలమ్మా," అన్నాను. "మూడు అడ్డం."